ప్రయోగశాల నుంచి కల్లం దాకా

టేకు నాటేటప్పుడు మొక్కను మొక్కలా నాటరు. నర్సరీ మడిలో ఏడాది పెంచి, పీకి, ఆకులూ కొమ్మా కోసేసి, పక్కవేళ్లు చెక్కేసి, బొటనవేలంత లావు తల్లివేరు జానెడు, దానిమీద అంగుళం కాండం మాత్రమే ఉంచుతారు. దాన్ని స్టంపు అంటారు. చూడ్డానికి ఎండుపుల్ల. గడ్డపారతో నేలలో బొక్క పొడిచి, ఆ పుల్లను దించి, చుట్టూ మడమతో తొక్కేస్తే నాలుగు వానలకు చిగురేస్తుంది. బరువుండదు, కట్టలు కట్టి నెత్తిన పెట్టుకుని గుట్టెక్కొచ్చు, ఎండకు వాడిపోయేందుకు ఆకులే ఉండవు.

ఈ పని చేసే కూలీలెవరూ దీన్ని పరిశోధన అనుకోరు. కానీ 1840లలో మలబారు కలెక్టరు కానొలీ నీలంబూరులో టేకు తోట వేయించబోతే మొదట గింజే మొలవలేదు. టేకు కాయ పెంకు గట్టిది. దాన్ని ఎలా మొలిపించాలో తేలడానికి రకరకాల ప్రయత్నాలు చేయాల్సి వచ్చింది. చివరికి చాతు మేనోన్ అనే ఉద్యోగి పర్యవేక్షణలో తోటలు నిలబడ్డాయి. కాయను రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, అలా కొన్ని రోజులు తిప్పడం ఇప్పుడు ప్రతి ఫారెస్టు నర్సరీలోనూ మామూలే. ఒక పరిశోధన పూర్తిగా గెలిచిందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. దానికి కర్త ఎవరో ఎవరికీ గుర్తుండదు, పని మాత్రం జరిగిపోతూ ఉంటుంది.

అన్నిటికీ ఆ యోగం పట్టలేదు. డెహ్రాడూన్‌లో 1906 నుంచి అటవీ పరిశోధన సంస్థ ఉంది. దాని కుటుంబంలోదే హైదరాబాదు శివారు దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ. తిరుపతిలో రాష్ట్ర అటవీశాఖ వారి బయోట్రిమ్ ఉంది. వీటిల్లో తేలిన విషయాల్లో కొన్ని ఐదారేళ్లలో వేల ఎకరాలకు పాకాయి. కొన్ని ముప్ఫై ఏళ్లుగా నివేదికల్లోనే ఉన్నాయి. తేడా ఎక్కడుంది? కింది సిబ్బందికి చదువు లేకనో, గిరిజనులకు అవగాహన లేకనో అని సదస్సుల్లో చెప్పేస్తుంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. తేలిన విషయం ఏ బండెక్కి అడవికి వస్తోందన్నదాన్ని బట్టే చాలావరకు ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

జామాయిల్ ఎక్కిన బండి అన్నిటికంటే వేగమైనది. మన దగ్గర కొందరు నీలగిరి అనే ఈ ఆస్ట్రేలియా చెట్టు దేశంలోకి రెండు వందల ఏళ్ల కిందటే వచ్చింది. టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో, బెంగళూరు దగ్గరి నంది కొండ తోటలో నాటించారని చెబుతారు. ఆ చెట్ల సంతానమే తర్వాత మైసూరు గమ్ పేరుతో దక్షిణాదంతా వ్యాపించింది. చిక్కేమిటంటే, అది తమలో తాము, పక్క జాతులతో ఇష్టం వచ్చినట్టు సంకరమైన విత్తనం. ఒకే చేలో ఒకే రోజు నాటిన మొక్కల్లో ఒకటి స్తంభంలా లేస్తే, పక్కది వంకర తిరిగి గిడసబారేది. 1980లలో కాగితపు మిల్లుల కోసం రైతులు విత్తనపు మొక్కలే వేశారు. హెక్టారుకు ఏడాదికి ఆరు నుంచి పది ఘనపు మీటర్ల కలప వస్తే గొప్ప. ఆ పంట మీద అప్పు తీర్చడం కష్టం.

భద్రాచలం పక్కన సారపాకలోని ఐటీసీ కాగితపు మిల్లు పరిశోధన విభాగం 1989లో క్లోనింగ్ పని మొదలుపెట్టింది. ఆలోచన కొత్తది కాదు. బ్రెజిల్‌లో అరాక్రుజ్ అనే సంస్థ ఇదే పని భారీఎత్తున చేసి చూపించింది, అక్కడి శాస్త్రజ్ఞులకు 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి కూడా వచ్చింది. మన మట్టిలో, మన ఎండలో అది నిలుస్తుందా అన్నదే ప్రశ్న. ఇక్కడ ఆ పనిని పియారే లాల్, హెచ్.డి. కులకర్ణి వంటివారు ముందుకు నడిపారు.

పని ఇలా జరుగుతుంది. తోటలన్నీ గాలించి నిటారుగా, లావుగా, తెగులు లేకుండా పెరిగిన చెట్టును ఎంచుతారు. ఎంచిన వెంటనే దాన్ని నరికేస్తారు. విడ్డూరంగా ఉంటుంది గాని, కారణం ఉంది. ముదిరిన చెట్టు కొమ్మ ముక్కను నాటితే వేరు వేయదు. నరికిన మోడు నుంచి నెలా రెండు నెలల్లో లేచే పిలకలు మాత్రం లేతవి, చెట్టు మళ్లీ బాల్యంలోకి వచ్చినట్టు ఉంటాయి. వాటికి వేరు వేసే గుణం ఉంటుంది. ఆ పిలకను రెండాకుల ముక్కలుగా కోసి, నీరు ఎక్కువగా ఆవిరైపోకుండా ఆకులను సగానికి కత్తిరించి, కింది కొసను వేరు పుట్టించే హార్మోను పొడిలో అద్ది, వర్మిక్యులైట్ నింపిన ప్లాస్టిక్ గొట్టాల్లో గుచ్చుతారు. ఆ గొట్టాల లోపలి గోడల మీద నిలువు గాడులుంటాయి. వేరు సుడి తిరగకుండా అవి కిందికి దించుతాయి. ఆ ట్రేలన్నీ మంచుగదిలోకి, అంటే మిస్ట్ చాంబర్‌లోకి చేరతాయి. అక్కడ నిమిషాల తేడాలో సన్నని తుంపర చల్లుతూనే ఉంటారు. బయట ఖమ్మం ఎండ మండిపోతున్నా లోపల అద్దాల నిండా చెమ్మే. నెల రోజులకు గొట్టం అడుగున తెల్లటి వేరు తొంగిచూస్తుంది. ఆ తర్వాత నీడలో కొన్నాళ్లు, ఎండలో కొన్నాళ్లు ఉంచి గట్టిపరుస్తారు.

వేరు వేయించడంతో పని అయిపోలేదు. అన్నిటికంటే ఓపిక పట్టాల్సింది పరీక్ష దగ్గరే. ఎంచిన ప్రతి క్లోన్‌నూ నల్లరేగడిలో, ఎర్ర చెలకలో, చౌడు నేలలో పక్కపక్కన నాటి, ఏళ్ల తరబడి చుట్టుకొలత, ఎత్తు కొలుస్తూ పోవాలి. చూడ్డానికి రాజాలా ఉన్న తల్లిచెట్ల పిల్లలు చాలామట్టుకు ఈ పరీక్షలోనే తప్పిపోయాయి. తల్లి బాగా పెరిగింది తన గుణం వల్లా, లేక దాని వేళ్లకు దొరికిన వాగు నీటి వల్లా అన్నది చెట్టును చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పరీక్షలో నెగ్గినవాటికి పేర్లు లేవు, నంబర్లే. 413, 526, 2045 లాంటివి. దిగుబడి హెక్టారుకు ఏడాదికి ఇరవై, ఇరవై ఐదు ఘనపు మీటర్లకు చేరింది. విత్తనపు తోటలతో పోలిస్తే రెట్టింపు పైనే.

ఇది ఎందుకంత త్వరగా పాకింది? రైతు కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు. ఏళ్ల తరబడి సాగిన జన్యుశాస్త్రమంతా ఆ జానెడు మొక్కలోనే ఉంది. ఆయన డబ్బిచ్చి మొక్క కొన్నాడు, గుంట తీసి నాటాడు, నాలుగైదేళ్లకు కొట్టి లారీకెత్తాడు. పరిశోధన ఫలించిందా లేదా అన్నది మిల్లు గేటు దగ్గరి వేబ్రిడ్జి మీద తెలిసిపోతుంది. ఆ అంకె రైతుకీ తెలుస్తుంది, శాస్త్రజ్ఞుడికీ తెలుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల అటవీ అభివృద్ధి సంస్థలూ తమ తోటల్లో విత్తనపు జామాయిల్ మానేసి క్లోన్లకు మారడానికి ఉపన్యాసాలు అవసరం కాలేదు.

అదే వేగం దెబ్బ కూడా తీసింది. ఒకే నంబరు మొక్కలన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు. 2000 ప్రాంతంలో మధ్యధరా తీరాన బయటపడిన ఒక బుడిపె ఈగ, మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ పొడవుండే కందిరీగ జాతి పురుగు, కొద్ది సంవత్సరాల్లోనే దక్షిణ భారతానికి చేరింది. లేత ఆకు ఈనెలో, తొడిమలో గుడ్లు పెడితే అక్కడ కంతులు లేచి చిగురు ముడుచుకుపోతుంది. దానికి లొంగే క్లోన్ వేసిన నర్సరీలు, లేత తోటలు వరుసకు వరుస కంతులతో నిండిపోయాయి. మందు కొట్టి లాభం లేదు, పురుగు ఆకు లోపల ఉంటుంది. బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధనశాల వారు ఇజ్రాయెల్ నుంచి దాని శత్రువైన మరో చిన్న కందిరీగను తెప్పించి, పరీక్షించి, తోటల్లో వదిలారు. పాత క్లోన్లు కొన్ని పక్కకు పోయి కొత్త నంబర్లు వచ్చాయి. జామాయిల్ భూగర్భజలాన్ని పీల్చేస్తుందా అన్న తగాదా ఇంకా తెగలేదు, అది మరో వ్యాసమంత పెద్దది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వస్తువులో పెట్టి ఇచ్చిన పరిశోధన త్వరగా పాకుతుంది. దానిలోని లోపమూ అంతే త్వరగా పాకుతుంది.

వస్తువులో పెట్టడానికి వీల్లేని విద్య చేతి మణికట్టులో ఉండాల్సినది. దానికి తపసి బంక కథ చూడాలి.

పాడేరు కొండల్లో, నల్లమలలో, ఆదిలాబాద్ గుట్టల మీద రాళ్ల మధ్య ఆకురాల్చి నిలబడే తెల్లటి చెట్టు తపసి. ఎండాకాలం వెన్నెల్లో చూస్తే భయం వేసేంత తెలుపు. దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన విలియం రాక్స్‌బరో సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారు జిల్లాల మొక్కలను పరిశీలించినవాడే. బెరడుకు గాటు పెడితే కారే బంక నీళ్లలో కరగదు, నీటిని పీల్చుకుని తనకన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ గుణం వల్లే కట్టుడు పళ్లు చిగుళ్లకు అతుక్కోవడానికి వాడే పొడిలో, విరేచనకారి మందుల్లో, ఐస్‌క్రీముల వంటి తినుబండారాల్లో దానికి చోటు దొరికింది. పాశ్చాత్య దేశాలకు ఎగుమతి అయ్యే సరుకు ఇది. నిల్వలో చెమ్మ తగిలితే పులుపు వాసన వేస్తుంది, బంక నిర్మాణంలోని ఎసిటైల్ గుంపులు విడిపోయి వెనిగర్ ఆమ్లంగా మారడం వల్ల.

పాత పద్ధతిలో గొడ్డలితో చెట్టుకు లోతుగా పెద్ద గంటు పెట్టేవారు. పెద్ద గాయమైతే ఎక్కువ బంక వస్తుందని లెక్క. మొదట వస్తుంది కూడా. కానీ బెరడుకూ కర్రకూ మధ్య కాగితమంత పలచగా ఒక పొర ఉంటుంది. చెట్టు లావెక్కేదీ, గాయం మాన్పుకునేదీ ఆ పొరతోనే. గొడ్డలి దాన్ని దాటి కర్రలోకి దిగితే అక్కడ మానదు, తేమ చేరి బూజు పట్టి, పురుగు తొలిచి, మూడు నాలుగు సీజన్లకు చెట్టు బోలై గాలికి పడిపోతుంది. పైగా ఆ గంటు నుంచి కారిన బంకలో బెరడు పెచ్చులు, మట్టి, ఇసుక కలుస్తాయి. కొనేవాడు అది చూసి ధర కోస్తాడు.

శాస్త్రం చెప్పింది పెద్ద రహస్యమేమీ కాదు. బాగా లావెక్కిన చెట్టునే ఎంచాలి. గొడ్డలి వదిలి పదునైన చిన్న కత్తి పట్టాలి. బెరడు వరకే చిన్న గాటు పెట్టి, కొన్ని రోజులకోసారి దాని పైఅంచును పలచగా, ఉల్లిపొర మందాన చెక్కాలి. ఒక చెట్టుకు దాని లావును బట్టే గాట్లు. కారిన బంక నేలను తాకకుండా శుభ్రమైన బుట్టలోకో పట్టా మీదికో తీసి ఆరబెట్టాలి. గాటు పెట్టిన మొదటి రోజే బంక ఎక్కువగా వస్తుంది, తర్వాత కొద్ది రోజులు తగ్గుతూ వస్తుంది. కనుక లోతు కంటే తిరిగి తిరిగి రావడమే లాభం.

ఇంత చిన్న మాట మణికట్టులోకి ఎక్కడానికి ఏళ్లు పట్టింది. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ఇందులో ముఖ్యపాత్ర పోషించింది. 1979 నాటి నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కు ఆ సంస్థకే దక్కింది. సంతలో కొనేదీ అదే, డీఆర్ డిపోలో బియ్యం, ఉప్పు అమ్మేదీ అదే. 1994లో బంక తీసే గిరిజనులకు శిక్షణ కోసం కోవెల్ ఫౌండేషన్ ఏర్పడింది. కోవెల అన్నది ఈ చెట్టుకే మరో పేరు. శిక్షణ తరగతి గదిలో కాదు, చెట్టు దగ్గర జరిగింది. ఒకరు చెక్కి చూపించడం, మరొకరు చెక్కడం, పక్కవాళ్లు తప్పు పట్టడం.

అయితే శిక్షణ ఒక్కటే పని చేసేది కాదని నా అనుమానం. అసలు మలుపు కాంటా దగ్గర వచ్చింది. బెరడు ముక్క లేని, తెల్లని, పారదర్శకమైన బంకకు ఒక ధర, మురికి బంకకు దానికంటే బాగా తక్కువ ధర అని విడదీసి, అప్పటికప్పుడు చేతిలో డబ్బు పెట్టినప్పుడు కత్తి లోతు దానంతటదే తగ్గింది. మంచి గ్రేడు రావాలంటే బెరడు ముక్క పడకూడదు, ముక్క పడకూడదంటే పలచగా చెక్కాలి, పలచగా చెక్కితే చెట్టు బతుకుతుంది. చెట్టును కాపాడమని ఎవరూ బతిమాలాల్సిన పని లేకపోయింది. ఏ సీజన్లో గ్రేడు చూడకుండా గంపగుత్తగా కొంటారో ఆ సీజన్లో గొడ్డలి మళ్లీ బయటికి రావడానికి ఏమంత కాలం పట్టదు. ఇంకో సంగతి: ఈ రోజు నేను ఒద్దికగా చెక్కి వదిలిన చెట్టు మీద రేపు మరొకరి గొడ్డలి పడేట్టయితే నాకేం పట్టింది? 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా ఫలసాయం మీద ఇచ్చిన హక్కును సాధారణంగా న్యాయం కోణంలో మాట్లాడుకుంటాం. చెట్టు బెరడు ఆరోగ్యం కోణంలోనూ దానికి విలువ ఉంది.

దీనికి దగ్గరదారి ఒకటుంది. ఇథెఫాన్ అనే రసాయనం చెట్టులో ఇథిలీన్ వాయువును విడుదల చేసి గాయం తగిలినట్టు భ్రమింపజేస్తుంది, బంక పెరుగుతుంది. జోధ్‌పూర్‌లోని ఎడారి పరిశోధన సంస్థ దీన్ని అక్కడి తుమ్మజాతి చెట్టు మీద రైతుల దాకా తీసుకెళ్లింది. కాండంలో చిన్న రంధ్రం చేసి, కొలత ప్రకారం మందు పోసి, మూసేయడమే. తపసి మీదా ప్రయోగాలు జరిగాయి, దిగుబడి పెరిగింది. సీసాలో పెట్టిన విద్య కనుక ఇది మణికట్టు విద్య కంటే జోరుగా పాకగలదు. నన్ను కలవరపెట్టేది కూడా అదే. సొంత చేలో చెట్టుకు మోతాదు మించితే రైతుకు నష్టం. అడవిలో చెట్టుకు మించితే నష్టం ఎవరిదని రాసుకుంటాం?

ఇక ఫైలు ద్వారా రావాల్సినవి మరో రకం. టేకు తోటను ఎప్పుడు, ఎంత పలచన చేయాలో చెప్పే పట్టికలు ఎం.వి. లారీ, బక్షీ సంత్ రామ్ 1940లోనే తయారుచేశారు. రెండు మీటర్ల ఎడంతో వేస్తే హెక్టారుకు 2500 మొక్కలు. వేళకు వంకరవాటినీ, అణగారినవాటినీ తీస్తూ పోకపోతే అన్నీ కలిసి కర్రల్లా సన్నగా మిగిలిపోతాయి. సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఆదేశం తర్వాత ఆమోదం పొందిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టకూడదు. అడవిని కాపాడిన ఆదేశమే అది. కానీ ప్లాన్ ఆలస్యమైతే పలచన చేయడమూ ఆలస్యమవుతుంది, టేకు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇక్కడ శాస్త్రం అందరికీ తెలుసు, బండే కదలదు.

మంట విషయంలో మాత్రం శాస్త్రం, కూలి, ఫైలు మూడూ ఒకే పొద దగ్గర కలుస్తాయి. ఆ పొద తునికి. బీడీ ఆకు దాని నుంచే వస్తుంది. నిప్పు పెడితే వేళ్ల నుంచి కొత్త పిలకలు లేచి ఆకు లేతగా వస్తుందని పాత అనుభవం. అది అబద్ధం కాదు. కానీ ఆ నిప్పులో అప్పుడే మొలిచిన టేకు, మద్ది, బీజ మొక్కలన్నీ పోతాయి. పరిశోధకులు చెప్పిన ప్రత్యామ్నాయం కొమ్మకొట్టుడు. ఫిబ్రవరి, మార్చిలో పొదను పదునైన కత్తితో నేలకు సమంగా నరికితే నిప్పు చేసిన పనే జరుగుతుంది, నలభై, నలభై ఐదు రోజుల్లో కోతకు ఆకు సిద్ధం. ఆకు కూడా వెడల్పుగా, మచ్చ లేకుండా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో యాభై ఆకుల కట్టలు కల్లంలో ఎండుతాయి, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా.

ఈ పద్ధతి కాగితాల మీద ఎప్పటి నుంచో ఉంది, చాలా బీడీ ఆకు యూనిట్లలో జరుగుతుంది కూడా. ఐతే నిప్పుకు అగ్గిపుల్ల చాలు, కొమ్మకొట్టుడుకు రోజుల తరబడి కూలి కావాలి. పొద నరికేది ఒకరు, దాని ఆకు కోసేది మరొకరు కావచ్చు. కట్టకు ఇంత అని కూలి ఉంటుంది గాని ఆకు నాణ్యతకు వేరే ధర ఉండటం అరుదు. తపసి దగ్గర కాంటా చేసిన పని ఇక్కడ చేసేవారు లేరు. అందుకే కొమ్మ కొట్టిన గుట్ట పక్కనే కాలిన గుట్ట కనిపిస్తుంది. దానికి తోడు ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఎండుటాకుకు పెట్టే నిప్పు ఒకటి.

ఆ నిప్పును పట్టుకునే విద్య ఇప్పుడు ఆకాశం నుంచి వస్తోంది. ఉపగ్రహం పగలు ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతూ నేల వేడిని చూస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ ఆ సమాచారాన్ని జల్లెడపట్టి బీట్ స్థాయి దాకా ఫోనుకు సందేశం పంపుతుంది. 2004లో మొదలైన ఈ ఏర్పాటుకు తర్వాత మరింత నిశితమైన పరికరం తోడైంది. దాని ఒక్కో చుక్క 375 మీటర్ల గడి, అంటే దాదాపు 35 ఎకరాలు. నల్లమలలోని అమ్రాబాద్ రాళ్లగుట్టల్లో బీట్ ఆఫీసరు ఆ 35 ఎకరాల్లో మంట ఎక్కడుందో వెతుక్కుంటూ, ఫైర్ వాచర్లతో, వీపున బ్లోయర్‌తో ఎక్కాలి. చేరేసరికి నేలమంట ముందుకు పోయి ఉండొచ్చు, ఆరిపోయి ఉండొచ్చు, లేదా అది అడవి అంచున ఎవరో తమ చేను కాల్చుకున్న పొగ కావొచ్చు.

వచ్చిన సందేశం నిజమా కాదా అని క్షేత్రం నుంచి తిరిగి చెప్పే వీలు కూడా ఆ వ్యవస్థలో ఉంది. నా దృష్టిలో అసలు సొమ్ము అక్కడుంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. జామాయిల్ పరిశోధకుడికి వేబ్రిడ్జి జవాబు చెప్పింది, బంక తీసే మనిషికి గ్రేడు జవాబు చెప్పింది. మంటకు మాత్రం ‘హాజరయ్యాం, ఆర్పేశాం’ అన్న రెండు మాటలతో జవాబు ముగుస్తుంటే పైనున్నవాళ్లకు కొత్తగా తెలిసేదేముంది? ఎక్కడ కాలిందో ఉపగ్రహం చెబుతుంది. ఎందుకు కాలిందో బీట్ ఆఫీసరుకూ, ఇప్పపువ్వు ఏరే అమ్మలకూ, కల్లం మీద మేటీకీ తెలుసు. కాలిన ప్రతిచోటా ఇప్పచెట్టు కిందా, తునికి పొదలోనా, బాట పక్కనా అని ఒక్క మాట రాయించుకుని మూడు నాలుగేళ్లు కూడబెడితే, ఏ చెట్ల కింద ఆకు ముందే ఊడ్పించాలో, ఏ కల్లం పరిధిలో కొమ్మకొట్టుడు కూలి జనవరిలోనే చేతికివ్వాలో రేంజి ఆఫీసులో కూర్చుని తేల్చుకోవచ్చు. దానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు, జాబితాలో ఒక గడి పెంచితే చాలు.